ఆమెన్ దాకా ఒంటికాలి మీద

ఈ ఉదయం తెనాలిలోని నా ఫిజియోథెరపీ గదిలోకి ఉడికిన చింతపండు వాసన వచ్చింది. తలెత్తి చూడకముందే నా అరచేతులు తడిసిపోయాయి. కొల్లూరు నుంచి వచ్చిన ఒకావిడ, యాభై ఏళ్ళుంటాయి, కొడుకు భుజం పట్టుకుని కుంటుకుంటూ లోపలికి వచ్చి బల్ల మీద కూర్చుంది. అరటితోటలో గట్టు దిగుతుంటే కాలు మడత పడిందట. చింతపండూ ఉప్పూ కలిపి ఉడికించి వేసిన పట్టు చీలమండ చుట్టూ ఎండి పెచ్చులు కట్టి ఉంది. కాలు నా ముందుకు చాపి, గొంతు కాస్త తగ్గించి అడిగింది. "అమ్మాయ్, నువ్వు ఎదురుకాళ్ళతో పుట్టావంట కదా. మా ఆడపడుచుది రేపల్లే, తనే చెప్పింది. ఈ ఎక్సర్‌సైజులూ అవీ తర్వాత చూద్దాంలే. ముందు ఒక్కసారి తొక్కమ్మా." నా పాదాలు వాటంతట అవే కుర్చీ కిందికి వెనక్కి వెళ్ళిపోయాయి. ఆ క్షణంలో నాకు గుర్తుకొచ్చింది కృపమ్మ గారి బొటనవేళ్ళు. మీలో ఎవరూ ఆవిడను చూసి ఉండరు. బాపట్లలో ఎముకల ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన ఒక నర్సు. ఆవిడ గురించి రాయాలంటే ముందు నా పాదం గురించి చెప్పాలి, అది చెప్పడానికి నాకు ఇప్పటికీ భయం.

మా వైపు ఒక నమ్మకం ఉంది. తల ముందు కాకుండా కాళ్ళు ముందు వచ్చి పుట్టిన బిడ్డ పాదంలో ఏదో మహిమ ఉంటుందని, నడుం పట్టేసినా కాలు బెణికినా ఆ పాదంతో మూడుసార్లు తొక్కిస్తే పోతుందని. ఈ నమ్మకం హిందువుల ఇళ్ళలో ఎంతుందో మా క్రైస్తవుల ఇళ్ళలోనూ అంతే ఉంది. మాది రేపల్లె దగ్గర ఊరు. నాన్న సంఘపెద్ద. నడక వచ్చినప్పటినుంచీ నేను ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వెనక వరండాలో మనుషుల నడుముల మీద నడిచాను. బోర్లా పడుకున్న పెద్దవాళ్ళ వీపు మీద పాదం పెట్టి, కళ్ళు మూసుకుని, ప్రభువు పేరు చెప్పి తొక్కేదాన్ని. వాళ్ళు లేచి నడుం అటూ ఇటూ తిప్పి, "హాయిగా ఉందమ్మా, దేవుడు నీకిచ్చిన వరం" అనేవాళ్ళు. పట్టేసిన నడుం చాలాసార్లు రెండు రోజుల్లో తనంతట తనే వదిలేస్తుందని నాకు ఎవరూ చెప్పలేదు. తగ్గనివాళ్ళు మళ్ళీ వచ్చి ఆ సంగతి చెప్పేవాళ్ళు కాదు. అలా ఇరవై రెండేళ్ళు వచ్చేసరికి నా కుడిపాదం నాది కాదనీ, దేవుడిదనీ నేను నిజంగా నమ్మాను.

అప్పుడు మా చెల్లెలు దీవెన కానిస్టేబుల్ పరుగు పరీక్షకు సిద్ధమవుతోంది. రాత పరీక్ష అయిపోయింది, మిగిలింది గ్రౌండు. ఆరు వారాలుంది. తెల్లవారుతూనే రేపల్లెలో కాలేజీ గ్రౌండుకు వెళ్ళి పరుగెత్తి వచ్చేది. ఒకరోజు అక్కడ గుంటలో కాలు పడి పాదం లోపలికి మడతపడింది. స్నేహితురాలి స్కూటీ మీద ఇంటికొచ్చేసరికి చీలమండ బయటివైపు కోడిగుడ్డంత లేచింది. అమ్మ గబగబా చింతపండు ఉడికించింది. దీవెన మాత్రం నన్ను చూసింది. "పట్టు తర్వాత వెయ్యమ్మా. ముందు అక్క తొక్కాలి. నేను సోమవారం నుంచి మళ్ళీ పరుగెత్తాలి."

నేను ప్రార్థన చేశాను. అది మామూలుగా చేసింది కాదు, మోకాళ్ళ మీద, కన్నీళ్ళతో చేసింది. తర్వాత దాన్ని నేల మీద కూర్చోబెట్టి, కాలు చాపించి, వాపు మీద మడమ పెట్టాను. దీవెన చున్నీ నోట్లో కుక్కుకుంది. మొదటిసారి తొక్కాను, రెండోసారి తొక్కాను. మూడోసారి నా మడమ కింద ఏదో చిన్నగా 'టిక్'మంది. గుడ్డ అడ్డున్నా దాని అరుపు బయటికి వచ్చింది. "నరం చోటుకొచ్చింది, అంతే!" అంది అమ్మ సంతోషంగా. నేనూ అదే అనుకున్నాను. అనుకున్నానా, అనుకోవాలనుకున్నానా అని ఇప్పుడు అడిగితే చెప్పలేను. ఆ చప్పుడు మాత్రం ఈరోజుకీ నా మడమలో ఉంది.

నాలుగో రోజు ఆదివారం. సాక్ష్యాలు చెప్పే సమయంలో నేను లేచాను. మా సంఘంలో సాక్ష్యమంటే దేవుడు తన జీవితంలో చేసిన మేలు అందరి ముందూ నిలబడి చెప్పడం. తెలిసి అందులో అబద్ధం కలిపితే అది మనుషులతో కాదు, దేవుడితో ఆడిన అబద్ధమని చిన్నప్పటినుంచీ నేర్పారు. నేను నా పాదం గురించి, ప్రార్థన గురించి చెప్పి, "నా చెల్లెలు నడిచి వస్తుంది చూడండి" అన్నాను. దీవెన ఆడవాళ్ళ చాపల మీదనుంచి లేచి ముందుకు నడిచింది. అందరూ "స్తోత్రం!" అన్నారు. నేను దాని ముఖానికి ఎదురుగా ఉన్నాను కాబట్టి నాకు కనిపించింది. పై పెదవి మీద చెమట, బిగబట్టిన ఊపిరి. చీర కుచ్చిళ్ళ కింద కాలు దాచుకుని వేళ్ళ మీద మాత్రమే ఆనించి నడుస్తోంది. నేను కళ్ళు మూసుకున్నాను. చూసేవాళ్ళు ప్రార్థన అనుకుని ఉంటారు. అక్క మాట పోకూడదని మర్నాడు పొద్దున అది గ్రౌండుకు వెళ్ళింది. రెండో చుట్టులో పడిపోయింది.

బాపట్లలో డాక్టరు గారు ఎక్స్‌రే దీపం ముందు పెట్టి చూపించారు. చీలమండ బయటి ఎముక విరిగి పక్కకు జరిగింది. దాన్ని పట్టి ఉంచే లిగమెంట్లు కూడా తెగాయి. ఆపరేషన్ చేసి ప్లేటు వెయ్యాలి. "మొదటిరోజే వస్తే పిండికట్టుతో పోయేదేమో" అన్నారాయన, ఇంకేమీ అడగకుండా వెళ్ళిపోయారు. అడిగింది కృపమ్మ గారు. పొట్టి మనిషి, నెరిసిన జుట్టు బిగించి ముడి వేసుకుని, కళ్ళజోడు ముక్కు చివరికి జార్చుకుని ఉండేది. ఎముకల వార్డులో చాలా ఏళ్ళు నర్సుగా చేసి, అప్పటికి కాళ్ళూ చేతులూ మళ్ళీ కదిలించడం నేర్పే గదిలో పనిచేస్తోంది. అందరూ సిస్టరమ్మా అనేవాళ్ళు. దీవెన కాలు ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు చూసి, మా ముగ్గురి వైపూ తలెత్తింది.

"కాలు మడత పడితే కమిలేది ఇక్కడ, కింద. ఈ పైన, ఎముక మీద గుండ్రంగా కమిలింది. ఇది ఎవరి మడమ?"

అమ్మ నేల చూసింది. దీవెన "నేనే కొట్టుకున్నానండి, మంచం కోడుకి" అంది. నిజం చెబితే నా పాదం పోతుంది, దానితో నా దేవుడు నాకిచ్చాడనుకున్నదంతా పోతుంది. చెప్పకపోతే దీవెన కాలు నా అబద్ధం మీద మానాలి. "నాదేనండి" అన్నాను.

తిడుతుందనుకున్నాను. ఆవిడ పక్కనున్న స్టూలు కాలితో నా వైపు తోసింది. "కూర్చో. చెప్పు విప్పు." నా కుడిపాదాన్ని తన ఒళ్ళో పెట్టుకుంది. నా పాదాన్ని అంతవరకూ అందరూ మొక్కినంత పని చేశారు కానీ ఎవరూ ఇలా పట్టుకోలేదు. బొటనవేళ్ళతో ఒక్కో ఎముకనూ నొక్కుతూ లెక్కపెట్టింది. "ఇరవై ఆరు. మా పక్కింటి పిల్లకీ ఇరవై ఆరే, నాకూ అంతే. దేవుడు నీకు ప్రత్యేకంగా ఏమీ పెట్టలేదమ్మా. వరం ఇవ్వాలనుకుంటే చేతులకిస్తాడేమో చూద్దాం. వారానికి మూడుసార్లు చెల్లెల్ని నువ్వే తీసుకురా. ఇంకెవరితోనూ పంపొద్దు."

ఆపరేషన్ అయి, కట్టు విప్పాక, మేమిద్దరం కర్లపాలెం మీదుగా బస్సులో బాపట్ల వెళ్ళివచ్చేవాళ్ళం. బస్సు గుంటలో పడినప్పుడల్లా దీవెన నా చెయ్యి పట్టుకునేది, నేను దాని కాలి వైపు చూడలేకపోయేదాన్ని. పరుగు పరీక్ష జరిగిన రోజు కూడా బస్సులోనే ఉన్నాం. దీవెన కిటికీలోంచి పొలాలు చూస్తూ, "ఇప్పుడు నా నంబరు పిలిచుంటారక్కా" అంది. అంతే అంది. నన్ను ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ భయంగా ఉండేది.

కృపమ్మ గారి గదిలో నేను చూస్తూ నిలబడటానికి వీల్లేదు. కొబ్బరితాడు ముక్క ఒకటి సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టింది. "ఇదే లిగమెంటు అనుకో. ఎముకను ఎముకకి కట్టే తాడు. కాస్త సాగితే చిన్న బెణుకు. సగం పురులు తెగితే పెద్దది. మొత్తం తెగితే కీలు నిలవదు. మూడింటికీ పైకి కనపడే వాపు ఒక్కలాగే ఉండొచ్చు. ఇప్పుడు చెప్పు, పురి తెగిన తాడుని తొక్కితే అతుక్కుంటుందా?" లేదన్నాను. "నూనె రాసి పిసికితే?" లేదన్నాను. "మరి మీ ఊళ్ళో అందరూ చేసేది అదే కదమ్మా!" అని నవ్వింది. కొత్తగా బెణికిన కాలిని మొదటి రోజుల్లో మర్దనా చేయకూడదనీ, కాపడం పెట్టకూడదనీ, చల్లటి గుడ్డ మధ్య మధ్య వేసి, వేళ్ళ దగ్గరనుంచి పైకి కట్టు కట్టి, దిండు మీద ఎత్తుగా పెట్టాలనీ, అలాగని నెలల తరబడి మంచం మీద ఉంచేస్తే కీలు బిగుసుకుపోతుందనీ, నొప్పి ఓర్చుకోగలిగినంత మేరకు త్వరగానే కదిలించాలనీ నేర్పింది. అన్నిటికంటే ముందు నేర్పింది ఎముకను నొక్కడం. చీలమండకు రెండువైపులా గుబ్బల్లా ఉండే ఎముకల వెనక అంచు, కొన, పాదం బయటి అంచు మధ్యలో తగిలే ఎముక, లోపలివైపు పాదం మధ్యలో ఉండే ఎముక. వాటి మీద నొక్కితే ఉలిక్కిపడినా, నాలుగడుగులు వెయ్యలేకపోయినా ఎక్స్‌రే తీయించాల్సిందే.

"దీవెన నడిచింది కదండీ" అన్నాను ఒకరోజు, నన్ను నేను కాపాడుకోవడానికి.

"నడిచింది. అక్క పరువు కోసం నడిచింది. మనిషి ఇష్టమైనవాళ్ళ కోసం విరిగిన కాలితో కూడా నడుస్తాడు. అందుకే నడకని ఒక్కదాన్నే నమ్మొద్దు, ఎముకని కూడా అడుగు."

నేను నొక్కేటప్పుడు చేతులు వణికేవి. సిగ్గుపడి, "నాకీ పని రాదండీ, భయం" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి పైటతో తుడుచుకుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో తెనాలిలో ఒక చోట పనిచేస్తున్నప్పుడు బెణికిన కాలితో వచ్చిన ఒక ముసలాయనకు తాను కట్టిన కట్టు గురించి చెప్పింది. షుగరు మనిషి, కాలికి స్పర్శ తక్కువ. బిగుతైనా తెలియలేదు. మూడోరోజు విప్పితే రెండు వేళ్ళు నల్లబడి ఉన్నాయి. "బాగా కట్టావే అని ఆ రోజు అందరూ మెచ్చుకున్నారు. నేనూ మురిసిపోయాను. అందుకే మళ్ళీ వెళ్ళి చూడలేదు." అప్పటినుంచీ ఆవిడ ఎవరికి కట్టు కట్టినా వేళ్ళ గోళ్ళు ఒక్కొక్కటీ నొక్కి, తెల్లబడిన గోరు మళ్ళీ ఎర్రబడేదాకా చూసేది. అరగంట ఆగి మళ్ళీ నొక్కేది. "భయం లేని చెయ్యి నా గదిలోకి రానివ్వను. నీది వణుకుతోంది కాబట్టే నేర్పుతున్నాను" అంది.

చివరి పాఠం ఒంటికాలు. తెగిన లిగమెంటు అతుక్కున్నా కీలు తానెక్కడుందో మర్చిపోతుందట. ఎగుడు దిగుడు నేల మీద మళ్ళీ మడత పడుతుంది. అందుకని మానిన కాలి మీద ఒంటికాలితో నిలబడి దానికి గుర్తుచేయాలి. మొదట కళ్ళు తెరిచి, తర్వాత మూసుకుని. కృపమ్మ గారు గడియారం చూసేది కాదు. "మీకు వచ్చిన ప్రార్థన చదువుకోండి, అయ్యేదాకా కాలు దించొద్దు" అనేది. పక్కన ఒకాయన హనుమంతుడి మీద శ్లోకాలు చదివేవాడు, ఇంకొకావిడ నోట్లోనే ఏవో నామాలు అనుకునేది. దీవెనకు, నాకు, ప్రభువు నేర్పిన ప్రార్థన. కళ్ళు మూసుకోగానే దీవెన గోడ పట్టేసుకునేది. రెండు మాటలకే ఒకరోజు, సగానికి ఒకరోజు. దాని భయం నాకు తెలుస్తూనే ఉండేది. కళ్ళు మూసుకుంటే దానికి మళ్ళీ ఆ గుంట కనిపించేది. నాకు చర్చిలో దాని ముఖం కనిపించేది.

ఒకరోజు కృపమ్మ గారు నన్ను పక్కకు పిలిచింది. "ఇవాళ తను ఆమెన్ దాకా నిలబడితే, తర్వాత నిలబడాల్సింది నువ్వు. ఎక్కడో నీకు తెలుసు."

తెలుసు. నేను ఎదురుచూస్తున్న శిక్షే అది. ఆ రోజు దీవెన పడిపోతే బాగుండునని ఒక్క క్షణం నా మనసులో వచ్చింది. ఆ క్షణానికి నేను దేవుణ్ణి క్షమాపణ అడగని రోజు లేదు. దీవెన మానిన కుడికాలి మీద నిలబడింది, కళ్ళు మూసుకుంది, ప్రార్థన మొదలుపెట్టింది. చీలమండ సన్నగా వణుకుతోంది. పాదంలో నరాలు తీగల్లా లేస్తున్నాయి. నేను తెలియకుండానే రెండు చేతులూ చాపాను. కృపమ్మ గారు నా మణికట్టు పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు. దాన్ని నిలబడనివ్వు." సగం దాటింది. ఒకసారి పక్కకు ఒరిగింది, వేళ్ళు నేలను పట్టుకున్నాయి, నిలదొక్కుకుంది. చివరి మాటలు మరీ మెల్లగా, ఒక్కొక్కటీ పాదం మీద మోపినట్టు పలికి, "ఆమెన్" అని కళ్ళు తెరిచి నన్ను చూసి నవ్వింది. ఆపరేషన్ తర్వాత అది నన్ను చూసి నవ్వడం అదే మొదటిసారి.

ఆ ఆదివారం సాక్ష్యాల సమయంలో లేచాను. నా మోకాళ్ళు ఆగలేదు. కృపమ్మ గారు బాపట్ల నుంచి వచ్చి, ఆడవాళ్ళ వైపు చివరి చాప మీద, తలుపు దగ్గర కూర్చుని ఉంది. "నేను ఇక్కడే నిలబడి మీకు అబద్ధం చెప్పాను" అన్నాను. దీవెన నడుస్తున్నప్పుడు దాని ముఖం చూసి కూడా చూడనట్టున్నానని చెప్పాను. నా మడమ కింద విన్న చప్పుడు గురించి చెప్పాను. నా పాదంలో ఏమీ లేదన్నాను. ఎవరూ స్తోత్రం అనలేదు. నాన్న తలదించుకున్నాడు. వెనకనుంచి ఒక ముసలావిడ, "అయితే మా నడుములు ఎవరు తొక్కుతారే?" అంది నిజమైన దిగులుతో. కొందరు నవ్వారు. పాస్టరు అయ్యగారు లేచి, ఇలాంటి సాక్ష్యం తానెప్పుడూ వినలేదనీ, ఇది కూడా మేలే అనీ ప్రార్థన చేశారు. బయటికొచ్చాక కృపమ్మ గారు నాతో ఒకటే మాట అంది. "వణికావు కానీ కాలు దించలేదు."

ఆ తర్వాత నేను ఈ ఫిజియోథెరపీ చదువు చదివాను. దీవెన పోలీసు కాలేదు. తర్వాతి నోటిఫికేషన్ వచ్చేసరికి వయసు దాటింది. ఇప్పుడు ఒక స్కూల్లో ఆడపిల్లలకు ఖోఖో నేర్పుతోంది. బాగానే పరుగెడుతుంది. కానీ మెట్లు దిగేటప్పుడు మాత్రం ఒక చెయ్యి గోడకు ఆనిస్తుంది. తనకు తెలియదు ఆ సంగతి. నేను చూస్తాను.

కృపమ్మ గారు పోయే ముందు సంవత్సరం స్నానాలగదిలో జారి, ఆటో ఎక్కి నేరుగా నా దగ్గరికే వచ్చింది. బాపట్లలో అంతమంది ఉండగా తెనాలి దాకా ఎందుకొచ్చిందో నేను అడగలేదు. ఆవిడ చీలమండ నా ఒళ్ళో పెట్టుకున్నాను. చర్మం కాగితంలా పలచబడి ఉంది. నా బొటనవేళ్ళు ఎముక అంచు దగ్గర ఆగిపోయాయి. "భయపడుతున్నావా?" అంది. "అవునండి" అన్నాను. "మంచిది. నొక్కు." నొక్కాను. ఎముక బాగానే ఉంది. కట్టు కట్టాక గోళ్ళు నొక్కి చూశాను. ఆవిడ అరగంట కూర్చుంది, నేను మళ్ళీ నొక్కి చూసేదాకా కదల్లేదు.

కొల్లూరావిడకు ఈ ఉదయం నేను ఇవేవీ చెప్పలేదు. గోరువెచ్చటి నీళ్ళతో చింతపండు పట్టు కడిగాను. "తొక్కనండి. నా పాదంలో ఏమీ లేదు, చేతులతో చూస్తాను" అన్నాను. బయటి ఎముక వెనక అంచు మీద బొటనవేలు పెట్టి నొక్కగానే బల్ల అదిరేలా ఉలిక్కిపడింది. నాలుగడుగులు వెయ్యమంటే వేసింది కానీ, కొడుకు వైపు చూసి నవ్వుతూ వేసింది. అలాంటి నడక నాకు తెలుసు. ఎక్స్‌రేకి చీటీ రాసిచ్చాను. "బెణుకే కదమ్మా, అంత భయమేంటి నీకు?" అని విసుక్కుంటూ వెళ్ళింది. గంటలో కొడుకు ఫిల్ము తెచ్చి వెలుగుకు పట్టుకుంటే, ఎముక కొనలో వెంట్రుకంత గీత ఉంది. జరగలేదు, విడలేదు. పిండికట్టుతో మానుతుంది.

వాళ్ళు డాక్టరు దగ్గరికి వెళ్ళాక గదిలో ఎవరూ లేరు. చింతపండు వాసన ఇంకా పోలేదు. చెప్పులు విడిచి, గోడకు దూరంగా జరిగి, ఒకప్పుడు దేవుడిదనుకున్న ఆ కుడిపాదం మీద నిలబడి కళ్ళు మూసుకున్నాను. రోజూ ఇలా ఒక్కసారైనా చేస్తాను. ప్రార్థన సగానికి వచ్చేసరికి చీలమండ వణకడం మొదలవుతుంది. చెయ్యి గోడ కోసం వెతుకుతుంది. ఎవరో మణికట్టు పట్టుకుని వెనక్కి లాగినట్టు దాన్ని మళ్ళీ దించుకుంటాను. ఆమెన్ దాకా కాలు మాత్రం దించను.